ఎడమ చెయ్యి పైకెత్తితే

జూన్ 6

ఒరేయ్ తమ్ముడూ,

నీ చెవులు బాగున్న రోజుల్లో అయితే ఈ సంగతి ఫోన్లో రెండు నిమిషాల్లో తేల్చేసేదాన్ని. ఇప్పుడు నువ్వక్కడ "ఆఁ? ఆఁ?" అంటుంటే నేనిక్కడ నా పేగు సంగతి వీధంతా వినేలా అరవాలి. అందుకే కాగితం తీసుకున్నాను. బైండింగ్ షాపులో ఇంకేం లేకపోయినా కాగితానికి కరువు లేదు.

నిన్న నా ఒంట్లో పోర్టు పెట్టారు. కంగారుపడకు, మంచిదే. పేగులో గడ్డ తీసేశాక మొత్తం పన్నెండుసార్లు కీమో ఎక్కించాలన్నారని చెప్పాను కదా. మొదటి రెండూ చేతి నరంలోకే ఎక్కించారు. రెండోసారి మందు నరం దాటి బయటికి వచ్చేసి, కుడి చెయ్యి వెనకవైపు చర్మం కాలిపోయింది. ఇరవై రోజులు వేళ్ళు ముడుచుకోలేదు, సూది పట్టలేకపోయాను. బావ నా వంతు పుస్తకాలు కూడా తనే కుడతానని కూర్చుని, ఒక నిఘంటువును తలకిందులుగా కుట్టిపెట్టాడు. ఆ ఇరవై రోజులూ నాకు జబ్బు కన్నా చెయ్యి భయమే ఎక్కువైంది. సూది పట్టని చేత్తో నేను బతికి ఏం చేస్తానురా!

అందుకని ఈ పోర్టు. పెట్టే ముందు చూపించమన్నాను, డాక్టరుగారు చేతికిచ్చారు. కోటు బొత్తామంత డబ్బీ, దానికో సన్నటి గొట్టం. డబ్బీని ఎడమవైపు మెడ కింద, చర్మం లోపల దాచారు. గొట్టం మాత్రం మెడ కింద అడ్డంగా ఉండే ఎముక కిందుగా దూరి, పెద్ద రక్తనాళంలోకి వెళ్ళి, సరిగ్గా గుండె గడప దగ్గర ఆగుతుందట. గుండె గడపరా! మన ఇంట్లో అక్కడిదాకా ఎవరూ వెళ్ళలేదు.

నాకు నోట మాట రానిది ఇంకోటుంది. డబ్బీ పైకప్పు మెత్తగా ఉంటుంది. దాంట్లో సూది గుచ్చి తీస్తే కన్నం దానంతటదే మూసుకుపోతుంది. వెయ్యిసార్లు గుచ్చినా అంతేనట. నేను అట్టకి ఒక్క కన్నం తప్పుగా పొడిస్తే ఆ పుస్తకం చిరిగేదాకా నన్ను వెక్కిరిస్తూనే ఉంటుంది కదా, అలాంటిది వెయ్యి కన్నాలు మాయమా? ఎవరు కనిపెట్టారో గానీ వాళ్ళ చేతులకు దణ్ణం పెట్టాలి.

అద్దం అడిగి కుట్లు చూసుకున్నాను. ఆరు. నాలుగోది కాస్త బిగువైందని చెబితే డాక్టరుగారు నవ్వి, "ఈసారి మీతోనే కుట్టిస్తాను" అన్నారు.

మరదల్ని అడిగానని చెప్పు.

నీ అక్క, డబ్బీ సహా


జూన్ 13

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి, నాలుగోసారి పంపుహౌసులో అందరికీ చదివి వినిపించాను. గుండె గడప దగ్గరికి వచ్చేసరికి టీ తాగుతున్నవాళ్ళు గ్లాసులు దించేశారు. నాకు వినబడలేదు గానీ, నోళ్ళు తెరుచుకోవడం కనబడింది.

నాకైతే ఇంకా ఎక్కువ ఆశ్చర్యమేసింది, ఎందుకంటే ఈ పని నేనూ చేస్తాను. ఊరి నీళ్ళలో మందు ఎక్కడ కలుపుతామో తెలుసా? సందుల్లో ఉండే సన్న పైపుల్లో కలిపితే పైపునే తినేస్తుంది. మెయిన్ పైపు మొదట్లో, నీళ్ళు విరగబడి పారేచోట చుక్కచుక్కగా వదులుతాం. అంత నీళ్ళలో పడేసరికి దాని కారం చచ్చిపోతుంది, పని మాత్రం ఊరి చివరి కుళాయి దాకా చేస్తుంది. నీకూ సరిగ్గా అదే చేశారు. ముప్పై ఏళ్ళుగా మట్టిలో చేస్తున్న పనిని మనిషి ఒంట్లో, అదీ పంపు నడుస్తుండగానే చేశారంటే, ఆ డాక్టరుగారు నాకు గురువు.

పంపు అంటే గుర్తొచ్చింది. మాది నెలకోసారి ఆపి నూనె వేసి, తల తడిమి, బతిమాలితే గానీ నడవదు. నీది యాభై ఎనిమిదేళ్ళుగా ఒక్క పూట సెలవడగలేదు. ఇన్నాళ్ళూ దీని గురించి ఎందుకు ఆలోచించలేదా అని సిగ్గేసింది.

ఇక్కడి సంగతులు. ఇనుప కడ్డీ రోడ్డు మీద ఆనించి, చెవి పెట్టి లీకులు వినే రోజులు అయిపోయాయని మా పై ఆఫీసరు నన్ను సామాన్ల గదిలో కూర్చోబెట్టబోయాడు. ఆ కడ్డీనే చేత్తో పట్టుకుని మూడు లీకులు చూపించాను. నీళ్ళు కారుతుంటే కడ్డీ సన్నగా వణుకుతుంది. చెవి పోయాక అరచెయ్యి మేలుకుంది. ఇప్పుడందరూ నన్ను "అరచెయ్యిగారు" అంటున్నారు.

బావకు నమస్కారాలు. నిఘంటువు ఆయనకే బహుమతిగా ఇచ్చెయ్యి.

నీ తమ్ముడు


జూలై 12

తమ్ముడూ,

ఇది నీకు మాత్రమే. బావకు తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తాడు.

పోర్టులోంచి మూడుసార్లు ఎక్కించారు, మొత్తం అయిదయ్యాయి. మందు పెట్టే ముందు నర్సమ్మ సూది గుచ్చి కాస్త రక్తం వెనక్కి లాగి చూస్తుంది. రక్తం వస్తే దారి బాగున్నట్టు. మొదటిసారి ఎర్రగా, చక్కగా వచ్చింది. రెండోసారి లాగుతుంటే రాలేదు. ఆమె మొహం ముడుచుకుంది. పోర్టు పనికిరాదంటే మళ్ళీ చేతి నరాల మీద పడతారు కదా.

కంగారులో ఎడమ చెయ్యి ఎత్తి తల వెనక పెట్టుకున్నాను. రక్తం జర్రున వచ్చేసింది!

అసలు కిటుకు అదన్నమాట. మన షాపులో కాగితం కోసే మిషన్ గుర్తుందా? నాన్న కొన్నప్పటి నుంచీ దాని పిడిని ఎడమవైపుకి ఒక్క పిసరు ఒరగబెడితేనే దిగుతుంది. కొత్తవాళ్ళు వచ్చి గుంజి గుంజి పాడైందంటారు. నేను ఒరగబెట్టి ఒక్క వేలితో దించుతాను. ఈ పోర్టు కూడా ఆ జాతే. దాని మర్యాద దానికి చెయ్యాలి.

అందుకని మూడోసారి తెలివి ఉపయోగించాను. నర్సమ్మ ట్రే తీసుకుని వస్తుండగానే బద్ధకంగా ఒళ్ళు విరుచుకున్నట్టు చెయ్యి తల వెనక పెట్టేసి, మెడ కాస్త కుడివైపుకి తిప్పి, కిటికీలోంచి ఎదుటి మేడ మీది పావురాల్ని చూస్తూ కూర్చున్నాను. లాగింది, వచ్చింది, వెళ్ళింది. ఆమెకేం తెలియదు. చెబితే తీసేస్తారేమోనని చెప్పలేదు.

ఏమంటావు? మీ అక్క మెకానిక్కేనా కాదా?

నీ అక్క


జూలై 18

అక్కా,

మెకానిక్కు కాదు, మెకానిక్కుల మేనత్తవి! నువ్వు బైండింగు పట్టుకుని మాకు అన్యాయం చేశావు గానీ, మా శాఖలో చేరి ఉంటే ఊళ్ళో ఒక్క కుళాయి ఎండేది కాదు.

నా అనుభవం కొద్దీ చెబుతున్నాను. చెయ్యెత్తితే వస్తోందంటే గొట్టంలో మడ్డి లేనట్టే, లోపల శుభ్రంగా ఉంది. మూసుకుపోయిన పైపు ఎంత బతిమాలినా ఇవ్వదు. కాబట్టి భయం లేదు. కిటుకు దొరికింది, వదలకు.

ఊరికే తెలుసుకుందామని రెండు మూడు అడుగుతాను. చెయ్యి పూర్తిగా దించేస్తే బొత్తిగా రాదా, కొంచెం వస్తుందా? మందు లోపలికి పోయేటప్పుడు కూడా చెయ్యి ఎత్తే ఉంచాలా? భుజం ముందుకి వంచితే తేడా ఉందా? ఆ ఎముక కింద ఎక్కడైనా పట్టేసినట్టు ఉంటుందా? పోర్టు పెట్టిన రోజు నుంచీ ఇలాగేనా, పోనుపోను ఎక్కువైందా?

జవాబులు ఓపికగా రాయి. ఏదో ఒకటి నా బుర్రకి అందీ అందకుండా తిరుగుతోంది.

నీ తమ్ముడు


జూలై 30

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. అందిన మర్నాటి నుంచీ నాకు గుండె దడ.

అక్కకి ఉత్తరం రాస్తున్నావా, పగిలిన పైపుకి పంచనామా రాస్తున్నావా? దించితే వస్తుందా, వంచితే వస్తుందా, పట్టేసిందా, ఎప్పటినుంచి! ఒక పక్క భయం లేదంటావు, మరో పక్క అయిదు ప్రశ్నలు గుచ్చుతావు. హాస్పిటల్లో ఎలాగూ ప్రశ్నలే. ఆకలుందా, వాంతులున్నాయా, నిద్రపట్టిందా, దొడ్డికి ఎలా అవుతోంది. కనీసం నీ ఉత్తరంలోనైనా నేను పేషెంటుని కాకుండా ఉందామనుకున్నాను.

ఇరవైనాలుగో తారీఖున ఆరోది అయింది. చెయ్యెత్తాను, అయిపోయింది. సగం దాటాను. నీ ప్రశ్నలు ఇరవైయ్యారున వచ్చాయి. ఇరవైయ్యేడు పొద్దున పుస్తకాలు కుడుతుంటే గుండె ఒక్కసారి దారం తెగినట్టు ఆగి, మళ్ళీ గబగబా కొట్టుకుంది. అప్పటినుంచీ రోజుకి నాలుగైదుసార్లు అదే వరస. అంతా నీ చలవే.

చెబుతున్నాను విను. ప్రశ్నలున్న ఉత్తరం నాకు రాయకు. రాస్తే చింపేస్తాను.

వచ్చేనెల ఏడున మళ్ళీ హాస్పిటలు.

అక్క


ఆగస్టు 4

అక్కా,

ఈ ఉత్తరంలో ఒక్క ప్రశ్న కూడా లేదు. కావాలంటే చదివేముందు బావ చేత వెతికించుకో.

ఇక్కడ ఎండగా ఉంది. పంపుహౌసు గోడకి కొత్తగా సున్నం వేశారు. మీ మరదలు కుర్చీ కొంది, అందులో నన్ను కూర్చోనివ్వదు. ఫిల్టరు గదిలో పిల్లి ఈనింది, నాలుగు పిల్లలు. నిన్న ఒకాయన మా కుళాయిలో నీళ్ళు తియ్యగా ఉన్నాయని ఫిర్యాదు ఇచ్చాడు. ఫిర్యాదు పుస్తకంలో దానికి గడి లేదు.

నీ గుండె దడ సంగతి చదివాక నాకు కలిగినవి చాలా ఉన్నాయి, అవి వాటి చివర కొంకి గుర్తు లేకుండా రాయడం నాకు చేతకాదు. కాబట్టి రాయను. డాక్టరుగారికి ఆ దడ గురించి చెప్పు. ఇది ప్రశ్న కాదు.

నావల్ల నీ మనసు కష్టపడినందుకు నాకు చాలా బాధగా ఉంది.

నీ తమ్ముడు


ఆగస్టు 10
(కార్డు)

బావకు, పక్కింటివాళ్ళకు, కార్డు తెచ్చిన ఆయనకు, ఎవరు ముందు చదివితే వాళ్ళకు. కవరులో పెడితే అక్క చింపేస్తుంది, అందుకే అందరికీ కనబడేలా రాస్తున్నా. పంపుహౌసు కాపలాదారు చేత బావ ఫోనుకి ఆరుసార్లు చేయించాను, ఎత్తలేదు.

అక్కకి మందు ఎక్కించే ముందు ఈ కార్డు నర్సమ్మకి చూపించండి. పోర్టులోంచి రక్తం చెయ్యెత్తితేనే వస్తోంది, దించితే రాదు. అక్క ఆ సంగతి దాస్తోంది. పదిహేను రోజులుగా గుండె దడ కూడా ఉంది. గొట్టం లోపల మూసుకుపోలేదు. బయటినుంచి రెండు ఎముకలు దాన్ని నొక్కుతున్నాయని నా అనుమానం. అలా నలిగిన గొట్టం తెగుతుంది. తెగడం నిన్న కళ్ళారా చూశాను. ఫోటో తీసి చూడందే మందు ఎక్కించొద్దు. ఏడునే ఎక్కించేసి ఉంటే ఇప్పుడే తీసుకెళ్ళండి.

అక్కా, నన్ను తర్వాత తిట్టు.

తమ్ముడు


ఆగస్టు 19

నా తమ్ముడికి,

ముందు ఒక్క మాట. బతికే ఉన్నాను. మిగతాది నింపాదిగా చదువు.

ఏడో తారీఖున వెళ్తే రక్తకణాలు తక్కువున్నాయని వారం వాయిదా వేశారు. విసుక్కుంటూ ఇంటికొచ్చాను. పధ్నాలుగు పొద్దున చెప్పులేసుకుంటుంటే నీ కార్డొచ్చింది. బావ వాకిట్లోనే నిలబడి చదివాడు. నా వైపు ఒక్క చూపు చూసి కార్డు జేబులో పెట్టుకున్నాడు, దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన తిట్టకపోతే ఎంత భయమేస్తుందో నాకు ఆ రోజే తెలిసింది. మీ బావ ఫోను జిగురు డబ్బా వెనక దొరికింది, అది వేరే సంగతి.

నర్సమ్మ ట్రే పెట్టింది. నేను అలవాటు కొద్దీ ఒళ్ళు విరుచుకుని చెయ్యి తల వెనక పెట్టాను. బావ ఆ చేతిని పట్టుకుని మెల్లగా కిందికి దించి, కార్డు ఆమెకిచ్చాడు.

ఆమె రెండుసార్లు చదివింది. స్టూలు లాక్కుని నా ముందు కూర్చుంది. "ఇన్నిసార్లూ నా ఎదురుగానే చేశావా అమ్మా? పావురాల్ని చూస్తున్నావనుకున్నానే నేను" అంది. కోపంగా కాదురా. సూది ముట్టుకోలేదు. ఛాతీ ఫోటోకి పంపింది.

ఫోటో తెర మీద పెట్టారు. నాక్కూడా చూపించమన్నాను. డబ్బీ ఉంది. దాని గొట్టం ఎముక దాకా వచ్చి, అక్కడితో సరి. మిగతా ముక్క ఎక్కడని అడిగితే డాక్టరుగారు వేలు కిందికి జరిపారు. ఆ ముక్క నా గుండెలో ఉంది.

గుండె గడప అన్నాను కదా, గడప దాటి లోపలికే వెళ్ళిపోయింది. నా కుట్టు సూదంత పొడవు. అడ్డ ఎముకకీ, దాని కిందున్న మొదటి పక్కటెముకకీ మధ్య నలిగి నలిగి తెగిందట. చెయ్యెత్తితే ఆ సందు తెరుచుకునేది, అందుకే రక్తం వచ్చేది. ఇది అరుదు, అయినా తెలిసిన సంగతే, దానికి వాళ్ళ పుస్తకాల్లో పేరు కూడా ఉందట. నీళ్ళ పైపుల ఆయన రాసిందే నిజమైందని డాక్టరుగారు కార్డుని జిరాక్సు తీయించుకున్నారు. ఆ రోజు సూది గుచ్చి మందు వదిలి ఉంటే అదంతా ఛాతీ లోపల కారిపోయేదట. చేతి వెనక చర్మం ఏమైందో నీకు తెలుసు. నేను చేతిని కాపాడుకుందామని చేసిన పని ఇది.

నీ ప్రశ్నల వల్ల అనుకున్న దడ ఆ ముక్కదిరా. లెక్కేస్తే పద్దెనిమిది రోజులు. అది లోపల ఊగుతుండగానే నేను నీకు తిట్లు రాశాను, నలభై లైబ్రరీ పుస్తకాలు కుట్టాను, మెట్లెక్కాను, పక్కింటావిడతో పోట్లాడాను. ఆ గుండె అన్నీ చేయించింది. మధ్యమధ్య తడబడింది, అంతే. ఎవరికి చెప్పుకోవాలో తెలియక నాకే చెప్పింది, నేను వినిపించుకోలేదు.

ఆ మధ్యాహ్నమే తీశారు. ఈ పనికి వేరే డాక్టరమ్మ ఉంది, అందరూ ఆమెని గాలం డాక్టరమ్మ అంటారు. కోత లేదు. గజ్జ దగ్గర రక్తనాళంలోకి సన్నటి తీగ పంపింది, దాని కొసకి ఉచ్చు. నాకు మత్తివ్వలేదు, అక్కడొక్కచోట మాత్రం తిమ్మిరెక్కించారు. పక్కనే తెర. "కళ్ళు మూసుకోమ్మా, భయమేస్తుంది" అంది. "నాదే కదమ్మా, చూస్తాను" అన్నాను.

చూశాను తమ్ముడూ. బూడిదరంగు నీడలో నా గుండె కొట్టుకుంటోంది. యాభై ఎనిమిదేళ్ళుగా లోపల ఉన్న మనిషిని మొదటిసారి కలిసినట్టుంది. దాని మధ్య నల్లటి గీతలా ఆ ముక్క, ప్రతి దెబ్బకీ గాల్లో దారప్పోగులా ఎగురుతోంది. కింది నుంచి ఉచ్చు మెల్లగా వచ్చింది. ఒకసారి తప్పింది. రెండోసారి తగలగానే గుండె తారుమారై గబగబా కొట్టుకుంది, మిషన్లు మోగాయి. ఆమె ఆగింది. ఏమీ చెయ్యకుండా, ఊపిరి కూడా తియ్యకుండా అది సర్దుకునేదాకా ఆగింది. పుస్తకం వీపులో దారం జారిపోతే కొక్కేనికి అందేదాకా నేను ఎలా ఆగుతానో అలాగే. మూడోసారి ఉచ్చు బిగిసింది. అలా పట్టుకుని కిందికి, కడుపు దాటించి, బయటికి తీసేసింది. నాకు నొప్పి లేదు. ఏడుపొచ్చింది, అంతే. ఏడుస్తూ ఆమె చేతులకేసి చూస్తున్నాను. చిన్న చేతులు, గోళ్ళు కత్తిరించి ఉన్నాయి.

దడ ఆ క్షణం నుంచీ లేదు.

ఇదంతా ఎవరి వల్లో నాకు తెలుసు. అంత మాటన్నాను నిన్ను.

నీ అక్క


ఆగస్టు 26

అక్కా,

నీ ఉత్తరం పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మీ మరదలు తన కొత్త కుర్చీలో నన్ను కూర్చోనిచ్చింది, అంత పాడుగా ఉన్నానన్నమాట.

నన్ను పొగడకు. "కిటుకు దొరికింది, వదలకు" అని రాసింది నేను. లోపల మూసుకుపోలేదన్నాను, అది సగం నిజం. మూసుకుపోని పైపు ఒక్కోసారే ఎందుకిస్తుంది, ఏది నొక్కితే ఆగుతుంది అని అడగాల్సినవాణ్ణి, నీ తెలివికి మురిసిపోయి భయం లేదని చెప్పేశాను. ప్రశ్నలు తర్వాత రాశాను, మెచ్చుకోలు ముందు రాశాను. ఎవరైనా మెచ్చుకోలే చదువుతారు.

ఎలా తెలిసిందో చెబుతాను. తొమ్మిదో తారీఖున రొట్టెల దుకాణంవాళ్ళు నీళ్ళు రావట్లేదని పిలిచారు. పెరట్లో బండరాయి కింది నుంచి రబ్బరు పైపు వెళ్తుంది. ఆవిడ చెబుతుంటే పెదాలు చూసి అర్థం చేసుకున్నాను. "రాయి మీంచి పక్కకి దిగితే వచ్చేవండీ. రెండేళ్ళ నుంచీ అలాగే పట్టుకుంటున్నాం, అలవాటైపోయింది." ఆ మాటకి నీ ఎత్తిన చెయ్యి గుర్తొచ్చింది. రాయి ఎత్తి చూశాను. మెట్టుకీ రాయికీ మధ్య నలిగినచోట పైపు అప్పడంలా చదునైపోయి తెగింది. తెగిన ముక్క అక్కడ లేదు. వాలులోకి జారి కాలవలో పడి ఉంది. నీళ్ళు వచ్చినన్నాళ్ళూ ఎవరూ ఆ రాయిని అనుమానించలేదు. నేనూ అంతే, నువ్వు చెయ్యెత్తినన్నాళ్ళూ.

ఆ కార్డు నీకు నాలుగు రోజులకి చేరింది. ఆ నాలుగు రోజులూ ఎలా గడిచాయో రాయను. నేను రాకుండా కార్డెందుకు రాశానో కూడా అడక్కు.

నీ తమ్ముడు

వదినా, ఈయన చెప్పరు, నేను చెబుతున్నాను. ఆ రాయి చూసి మీరు గుర్తొచ్చి చేతుల్లోంచి వదిలేశారట. కుడి పాదం మీద పడి మూడు ఎముకలు విరిగాయి. కట్టుతో మంచంలో ఉండి కాపలాదారుని కేకేసి కార్డు తెప్పించుకున్నారు. స్టేషనుకి ఒంటికాలి మీద బయలుదేరితే నేనే తలుపు గడియ పెట్టాను. నన్ను తిట్టాలనుకుంటే తిట్టండి. (మీ మరదలు)


సెప్టెంబరు 20

ఒరేయ్ కుంటి తమ్ముడూ,

నేను దాచానని ఊరంతా కార్డు వేశావు. నువ్వు మూడు ఎముకలు దాచావు. మనిద్దరినీ ఒకే అట్టలో వేసి కుట్టాలి. మరదలు గడియ పెట్టి మంచిపని చేసింది, నా తరఫున దీవెనలు చెప్పు.

కొత్త పోర్టు పెట్టారు. ఈసారి కుడివైపు. గొట్టం ఎముకల సందులోంచి కాదు, మెడలో ఉండే నాళంలోంచి ఎముక పైగా దిగింది. నలిపేవాళ్ళు లేని దారి. దాంట్లోంచి రెండుసార్లు ఎక్కించారు. ఎనిమిది అయ్యాయి, నాలుగున్నాయి. ఆ తర్వాత ఏమిటో డాక్టరుగారు కూడా చెప్పలేరు, నేనూ అడగలేదు. నర్సమ్మ ఇప్పుడు ఎవరొచ్చినా ముందు "చేతులు ఒళ్ళో పెట్టుకోండి, పావురాల్ని తర్వాత చూద్దురు" అంటోంది. అందరూ నవ్వుతారు, ఎందుకో నాకొక్కదానికే తెలుసు.

నీ మెచ్చుకోలు వల్ల కాదురా. నువ్వు తిట్టినా నేను చెయ్యెత్తేదాన్నే. నా కుడిచెయ్యి పోతుందన్న భయం గుండె కన్నా పెద్దదైపోయింది నాకు. ఆ రోజు తెర మీద చూశాక సిగ్గేసింది. ఆ గుండె ముందు నా భయం ఎంత?

ఈ కవరులో చిన్న పొట్లం ఉంది. జాగ్రత్తగా విప్పు. గాలం డాక్టరమ్మని బతిమాలి తెచ్చుకున్నాను, పరీక్షలు అయిపోయాయట, మరిగించి శుభ్రం చేసి ఇచ్చింది. పద్దెనిమిది రోజులు అది ఎక్కడుందో నీకు తెలుసు. బావ దాన్ని ఇంట్లో ఉంచనివ్వడు. దాన్ని చూడ్డం ఎలాగో తెలిసినవాడివి నువ్వొక్కడివే.

ఇంకో సంగతి. నీ పాత ఉత్తరాలన్నీ కలిపి కుట్టాను. ఆగస్టు నాలుగుది కూడా ఉంది, పిల్లిపిల్లలది. అందులో నిజంగానే ఒక్క ప్రశ్న లేదు. నేను చదివినవాటిలో అంత దిగులు ఉత్తరం ఇంకోటి లేదు. కాబట్టి అక్కగా చెబుతున్నాను, ఇక అడుగు. నీకు ఏమేం తోస్తే అవన్నీ అడుగు. కూర్చుని ఓపికగా జవాబులు రాస్తాను.

నీ అక్క


సెప్టెంబరు 27

అక్కా,

పొట్లం విప్పాను. అరచేతిలో పెట్టుకున్నాను. ఒక కొస డాక్టరుగారి కత్తెర తెంపినట్టు నున్నగా ఉంది. రెండో కొస నలిగి చదునై, పోగులు లేచి ఉంది. అచ్చం రొట్టెల దుకాణం పైపే, కాకపోతే అగ్గిపుల్లంత లావే. ఇంత చిన్న దాన్ని నడుస్తున్న గుండెలోంచి, గుండెని ఆపకుండా, గాయం చెయ్యకుండా తీసుకొచ్చారా! ముప్పై ఏళ్ళు ఈ పని చేసినవాణ్ణి చెబుతున్నాను, ఇలాంటి పని నేను చూడలేదు. పంపుహౌసులో అందరూ ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. ఎవరూ చెయ్యి వేయలేదు.

అడగమన్నావు కదా. అడుగుతున్నాను.

చెయ్యి దించి ఉన్నప్పుడు రక్తం ఎర్రగా వస్తోందా? మందు పోయేటప్పుడు నొప్పి ఉందా? కుడిచేతి వేళ్ళు పూర్తిగా ముడుచుకుంటున్నాయా? దడ మళ్ళీ ఒక్కసారైనా వచ్చిందా, వస్తే ఆ రోజే చెబుతావా? మెట్లెక్కితే ఆయాసం ఉందా? బావ ఫోను ఎక్కడ పెడుతున్నాడు? నిఘంటువు విప్పి మళ్ళీ కుట్టావా? భయమేస్తోందా? వేస్తే బావకి చెబుతున్నావా, పావురాలకా?

శుక్రవారం నా కట్టు విప్పారు. ఆదివారం బండికి మీ మరదలూ నేనూ బయలుదేరుతున్నాం. నాకు నీ మాట వినబడదు, నీ గుండె చప్పుడు అసలే వినబడదు. అందుకని చివరిది ఒకటే అడుగుతాను. గుమ్మంలోకి రాగానే, ఇంకేమీ మాట్లాడకముందే, నీ మణికట్టు ఒక్క నిమిషం నా చేతిలో పెడతావా?

నీ తమ్ముడు